ఆర్గాన్ టార్చి: టంగ్‌స్టన్ నల్లబడుతోంది, నాజిల్ లోపల పసుపు పొడి. ముందు ఏ పార్టు చూడాలి?

రాయగడ_రైలింగ్ (రాయగడ)

అన్నయ్యలందరికీ నమస్కారం. ఆర్గాన్ (టిగ్) వెల్డింగ్‌కి వాడే 17 నంబరు ఎయిర్ కూల్డ్ (నీళ్లు లేని) టార్చి, తల మీద గ్యాస్ వాల్వు ఉన్న రకం. 200 ఆంప్స్ ఇన్వర్టరు, డీసీ, లిఫ్ట్ ఆర్క్ (రాడ్డు తాకించి ఎత్తితే ఆర్క్ పుట్టే రకం). పని 304 స్టెయిన్‌లెస్ పైపు, గోడ మందం 1.5 మి.మీ., మెట్ల రైలింగులు. టంగ్‌స్టన్ (ఆర్క్ పుట్టే రాడ్డు) 1.6 మి.మీ., నాజిల్ (గ్యాసు బయటికొచ్చే మూతి) 6 నంబరు, ఆర్గాన్ నిమిషానికి 8 లీటర్లు, కరెంటు 55 నుంచి 60 ఆంప్స్.

టంగ్‌స్టన్ ముక్కు నాలుగు టాకాలకే (చిన్న అతుకులకే) నల్లబడిపోతాది. బీడు (వెల్డు గీత) బూడిద రంగులో వస్తోంది, ఆర్క్ ఒక చోట నిలవదు. నాజిల్ లోపల పసుపచ్చ పొడి పేరుకుంటోంది. సిలిండరు మార్చినా అదే. గ్యాసు 14 లీటర్లకి పెంచితే తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. షాపువాళ్లు టార్చి మొత్తం మార్చేయమంటున్నారు. విడి భాగాలతో పోయేదేనా? ఏ వరసలో చూసుకోవాలి?

బరంపురం_ఆర్గాన్ (బరంపురం)

టార్చి మార్చకండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ముందు టంగ్‌స్టన్ రంగు చదవాలి. ఆర్క్ ఆపాక వెండిలా మెరుస్తూ ఉంటే దానికి ఆర్గాన్ సరిగ్గా అందుతోంది. నీలం, ఊదా రంగు వస్తే ఆర్క్ ఆగాక గ్యాసు తొందరగా ఆగిపోతోంది. నల్లగా మసి పట్టినట్టు ఉంటే వెల్డింగ్ జరుగుతుండగానే గాలి తగులుతోంది. నాజిల్ లోపల పసుపు పొడి టంగ్‌స్టన్ ఆక్సైడే. అంటే రాడ్డు కాలిపోతోంది.

రెండో సంగతి. టంగ్‌స్టన్ తెల్లగా మెరుస్తూ బీడు మాత్రమే బూడిద రంగులో ఉంటే తప్పు చేతిలో ఉంటుంది: టార్చి మరీ వాలిపోవడం, నాజిల్ దూరంగా ఉండటం, కరెంటు ఎక్కువవడం, ఫ్యాను గాలి. టంగ్‌స్టన్, బీడు రెండూ పాడైతే తప్పు గ్యాసు దారిలో ఉంటుంది. మీది రెండోది.

గ్యాసు పెంచితే ఎందుకు ఎక్కువైంది? టార్చి తలలో ఎక్కడో సందు ఉంది. గ్యాసు ఆ సందు పక్క నుంచి జోరుగా వెళ్తున్నప్పుడు బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. జోరు పెరిగితే లాగుడూ పెరుగుతుంది. పైగా 6 నంబరు నాజిల్ రంధ్రం 9.5 మి.మీ. మాత్రమే. అందులోంచి 14 లీటర్లు తోస్తే గ్యాసు సుడులు తిరిగి చుట్టుపక్కల గాలిని కలుపుకుంటుంది. ఆ నాజిల్‌కి 7 నుంచి 9 లీటర్లు చాలు.

ఇప్పుడు పరీక్ష. బంతి ఉన్న ఫ్లోమీటరు కావాలి. ముళ్లు తిరిగే గేజి ఉంటే ఇది కుదరదు. మిషను ఆపేయండి. టంగ్‌స్టన్ తీసేసి బ్యాక్ క్యాప్ (టార్చి తల వెనక మూత) మళ్లీ బిగించండి. వాల్వు తెరిచి 8 లీటర్లకి పెట్టండి.

మొదట టార్చి వాల్వు మూసి చూడండి. బంతి పూర్తిగా అడుక్కి దిగాలి. దిగకపోతే లీకు వాల్వుకి ముందు, అంటే హోసు, క్లిప్పు, మిషను వెనక కనెక్టరు.

తర్వాత వాల్వు తెరిచి, నాజిల్ మూతిని సైకిల్ ట్యూబు ముక్క మీద గట్టిగా నొక్కి ఐదు సెకన్లు పట్టుకోండి. ఇప్పుడూ బంతి దిగాలి. వాల్వు మూసినప్పుడు దిగి, నాజిల్ నొక్కినప్పుడు దిగకపోతే లీకు తలలోనే. ఐదారు సెకన్లకు మించి నొక్కి ఉంచకండి, లోపల ఒత్తిడి పెరిగి వదులు క్లిప్పు దగ్గర హోసు ఊడొచ్చు.

ఏమొచ్చిందో రాయండి.

గుణుపురం_మిల్లుపని (గుణుపురం)

పైన చెప్పిన పరీక్ష చేసేలోపు బ్యాక్ క్యాప్ ఊడదీసి దాని మెడ దగ్గర ఓ-రింగు (గ్యాసు లీకు కాకుండా ఆపే సీలు రింగు) చూడండి. 17, 18, 26 టార్చిలకు పొడుగు క్యాప్ 57వై02, పొట్టి క్యాప్ 57వై04. రెండింటికీ పట్టే ఓ-రింగు 98డబ్ల్యూ18. మన వైపు చాలా షాపుల్లో క్యాప్ అమ్ముతారు, రింగు విడిగా ఉంచరు. అందుకే పాతది గట్టిపడిపోయినా దానితోనే నెట్టుకొస్తారు.

మంచి రింగు గోరుతో నొక్కితే లోపలికి పోయి మళ్లీ లేస్తుంది. పోయినది గట్టిగా, ఒక వైపు చదునుగా, గీతలు పడి ఉంటుంది. క్యాప్ బిగించేటప్పుడు చివరి ముప్పావు చుట్టులో మెత్తటి పట్టు తెలియాలి. ఇత్తడి మర తలకి టక్కున తగిలి ఆగిపోతే రింగు పనిచేయడం లేదు. కుళాయి రిపేరువాళ్ల దగ్గర దొరికే రబ్బరు రింగు సైజు కుదిరినా వేడికి తొందరగా చచ్చిపోతుంది. తప్పనిసరైతే ఒక రోజు నడుస్తుంది, అంతకు మించి నమ్మొద్దు. గ్రీజు, నూనె అసలే రాయొద్దు. వేడికి ఆవిరై అది కూడా గ్యాసులో కలుస్తుంది.

క్యాప్ పైచివర సన్నటి పగులు ఉన్నా అంతే. హెచ్ఎఫ్ స్టార్టు (రాడ్డు తాకించకుండానే హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ పుట్టే పద్ధతి) ఉన్న మిషన్లో ఆ పగులులోంచి చేతికి షాకు కూడా కొడుతుంది.

రాయగడ_రైలింగ్ (రాయగడ)

చూశాను. వాల్వు మూస్తే బంతి పూర్తిగా దిగింది. నాజిల్ నొక్కితే 3 దగ్గర నిలబడిపోయింది. ఓ-రింగు గట్టిగా అయిపోయి రెండు చోట్ల పగిలింది. వేరే క్యాప్ నుంచి రింగు తీసి వేస్తే బంతి ఒకటి దాకా దిగింది గానీ సున్నాకి రావట్లేదు. ఇంకేటి చూడాలి?

సునాబెడ_టూల్‌రూమ్ (కోరాపుట్ జిల్లా)

సగం దొరికింది. మిగతాది నాజిల్ వెనక ఉండే తెల్ల వాషరు అయి ఉండాలి. దాన్ని గ్యాస్కెట్ అనీ ఇన్సులేటర్ అనీ పిలుస్తారు, కోడ్ 18సీజీ. టెఫ్లాన్‌లాంటి వస్తువు. దీని పనులు రెండు: నాజిల్ వెనక భాగానికి సీలు, కరెంటు తలలోని రాగి నుంచి బయటికి పోకుండా అడ్డు. వేడికి అది పసుపు రంగుకి తిరిగి, అంచు కుంగిపోతుంది. అప్పుడు నాజిల్ ఎంత తిప్పినా ఆనదు, వెనక సన్నటి సందు మిగులుతుంది. కొందరు ఊడిపోయిన వాషరు లేకుండానే నాజిల్ బిగించేస్తారు. గ్యాసు పోవడం ఒక నష్టం, తల రాగి వేడెక్కి పైనున్న రబ్బరు కవరు కాలిపోవడం రెండోది.

అన్నీ విప్పే వరస ఇది. మిషను ఆఫ్ చేసి, టార్చి చల్లారాక మొదలుపెట్టండి. బ్యాక్ క్యాప్ తీయండి, టంగ్‌స్టన్ లాగండి, కాలెట్ (టంగ్‌స్టన్‌ని పట్టుకునే గొట్టం) వెనక నుంచి జారిపోతుంది. ముందు వైపు నాజిల్ తిప్పి తీయండి, కాలెట్ బాడీ (కాలెట్ మూతి కూర్చునే మర భాగం) తీయండి, చివర వాషరు. కాలెట్ వెనక నుంచి రాకపోతే లాగకండి. కాలెట్ బాడీని ముందు నుంచి విప్పితే రెండూ కలిసి వచ్చేస్తాయి. అప్పుడు సన్నటి రాడ్డుతో కాలెట్‌ని తట్టి తీయొచ్చు.

మళ్లీ పెట్టేటప్పుడు: వాషరు ముందు, తర్వాత కాలెట్ బాడీ. బాడీని చేత్తో గట్టిగా బిగించాలి, ఇక్కడ మొహమాటం పనికిరాదు. కరెంటు మొత్తం ఆ మర ద్వారానే పోతుంది. వదులుగా ఉంటే మర మధ్యలో నిప్పు పుట్టి రాగి తింటుంది. అప్పుడు నిజంగానే తల మార్చాలి. బాడీ బిగించాక నాజిల్, వెనక నుంచి కాలెట్, టంగ్‌స్టన్, చివర క్యాప్, దాన్ని చేత్తోనే బిగించాలి.

నాజిల్ బిగించే ముందు కాలెట్ బాడీ పక్కన ఉన్న చిన్న రంధ్రాలు వెలుతురుకి పెట్టి చూడండి. గ్యాసు వాటిలోంచే బయటికి వస్తుంది. ఒకటి స్పాటరుతో (ఎగిరిపడ్డ మెటల్ చుక్కలతో) మూసుకుపోయినా గ్యాసు ఒక పక్కకే ఎక్కువ పోతుంది, బీడు ఒక అంచు మెరుస్తూ రెండో అంచు నల్లగా వస్తుంది. ఆ తేడా కనిపిస్తే ఇంకేం వెతకక్కర్లేదు, బాడీ మార్చండి.

పర్లాకిమిడి_గేట్లు (పర్లాకిమిడి)

మేస్త్రీ గారూ, ఒక మాట. క్యాప్ చేత్తోనే బిగించాలి అంటారు గానీ, ప్లయర్‌తో ఒక పట్టు పట్టకపోతే మా దగ్గర టంగ్‌స్టన్ లోపలికి జారిపోతాది. కొత్త కాలెట్ వేసినా వారం తిరక్కుండా అదే పరిస్థితి. మరి పట్టు పట్టకుండా ఎలాగ?

సునాబెడ_టూల్‌రూమ్ (కోరాపుట్ జిల్లా)

అన్నా, ఆ పట్టే కాలెట్‌ని చంపుతోంది. కాలెట్ అంటే చివర చీలిక ఉన్న రాగి గొట్టం. క్యాప్ నెట్టినప్పుడు దాని చీలిన మూతి బాడీ లోపలి వాలులోకి దిగి మూసుకుంటుంది, టంగ్‌స్టన్‌ని పట్టుకుంటుంది. ప్లయర్‌తో తిప్పితే క్యాప్ కాలెట్‌ని నెట్టడమే కాదు, మెలిపెడుతుంది కూడా. రాగి మెత్తటిది, పైగా వేడికి ఇంకా మెత్తబడుతుంది. మెలితిరిగిన కాలెట్ ఒక చోటే పట్టుకుంటుంది, మిగతా చోట సందు. అక్కడ టంగ్‌స్టన్‌కీ కాలెట్‌కీ మధ్య చిన్న చిన్న ఆర్క్‌లు పుడతాయి. రాడ్డు మీద మధ్యలో నల్లటి మచ్చలు, గుంటలు కనిపిస్తున్నాయా? అదే ఇది.

మీ కాలెట్ బల్ల మీద దొర్లించి చూడండి. చీలిక గీత నిటారుగా ఉండాలి. మరలాగా తిరిగి ఉంటే పారేయండి. కొత్త కాలెట్ వేసేటప్పుడు బాడీ కూడా చూడాలి. లోపలి వాలులో గీతలు, కరిగిన గుర్తు ఉంటే కొత్త కాలెట్ కూడా వారంలో పోతుంది. మీ దగ్గర జరుగుతున్నది ఇదే అనుకుంటున్నా. రెండూ కలిపి మార్చండి.

ఇంకొకటి, సైజు. 1.6 రాడ్డుకి 1.6 కాలెట్, 1.6 బాడీ. 2.4 కాలెట్‌లో 1.6 రాడ్డు పెట్టి క్యాప్‌తో అణిచి పట్టించడం మన వైపు చాలా షాపుల్లో చూస్తాం. కాలెట్ పూర్తిగా మూసుకున్నా ఒక్క అంచుకే తగులుతుంది, రాడ్డు వంకరగా నిలబడుతుంది.

పర్లాకిమిడి_గేట్లు (పర్లాకిమిడి)

మచ్చలున్నాయి. చీలిక కూడా తిరిగిపోయింది. రెండూ తెప్పిస్తాను.

బల్లార్షా_పైపు (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

రాయగడ అన్నా, మీ పనికి గ్యాస్ లెన్స్ (మామూలు కాలెట్ బాడీ బదులు పెట్టేది) పెట్టుకోండ్రి. రైలింగుల మూలలు, పైపు మీద పైపు కూసునే జాగ, గక్కడ మామూలు నాజిల్‌తోని టంగ్‌స్టన్ బయటికి గుంజితే గ్యాసు అందది. మామూలు కాలెట్ బాడీతోని రాడ్డు నాజిల్ బయటికి 5, 6 మి.మీ. కంటే ఎక్కువ పెట్టొద్దు. గ్యాస్ లెన్స్‌ల సన్నటి స్టీలు జాలీలు ఉంటయ్. కుళాయి మూతికి జాలీ పెడితే నీళ్లు చిందకుంట ఒక్క ధారలెక్క దిగినట్టు, గ్యాసు సుడి తిరగకుంట నిమ్మళంగ వస్తది. 8 నంబరు నాజిల్‌తోని 12 మి.మీ. దాకా రాడ్డు బయట పెట్టినా నడుస్తది.

కానీ ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి. లెన్స్ మామూలు నాజిల్‌ల పట్టది. మొత్తం సెట్టు మారాలె: 1.6కి లెన్స్ 45వీ25, నాజిల్ 54ఎన్ రకం, వాషరు కూడ వేరే, 54ఎన్01. పాత తెల్ల వాషరు పెట్టి కొత్త నాజిల్ బిగిస్తే మళ్ల లీకే. మళ్ల గ్యాసు పెంచుడు, మళ్ల రాడ్డు నల్లబడుడు. కాలెట్ మాత్రం పాతదే నడుస్తది.

జాలీ మీద స్పాటర్ పడ్డదంటే వైరు బ్రష్‌తోని గీకద్దు. తీగెలు విరిగి రంధ్రం పెద్దగైతది. వెలుగుకి పెట్టి చూస్తే చుక్కలు కనిపిస్తయ్. ఒకటి రెండు చుక్కలకు పరవాలే, మూల మొత్తం మూసుకుంటే లెన్స్ మార్చాలె. టంగ్‌స్టన్ ముక్కు పూల్‌ల (కరిగిన మెటల్ మడుగుల) తాకినప్పుడు ఎగిరే మెటల్ ఎక్కువ గీ జాలీ మీదనే పడ్తది. అందుకే చేయి ఇంకా కుదరని పిల్లలకు నేర్పేటప్పుడు లెన్స్ ఇయ్యకుండ్రి, మామూలు బాడీ ఇయ్యండ్రి.

బరంపురం_ఆర్గాన్ (బరంపురం)

లెన్స్ సంగతి సరిగ్గా చెప్పారు. ఇక టంగ్‌స్టన్ ముక్కు. ఆర్క్ నిలవకపోవడానికి సగం కారణం దాన్ని గ్రైండింగ్ రాయి మీద పట్టే తీరు.

గీతలు రాడ్డు పొడవునా పడాలి. రాడ్డుని రాయికి అడ్డంగా పెట్టి తిప్పితే చుట్టూ ఉంగరాల్లాంటి గీతలు పడతాయి, ఆర్క్ వాటి వెంట పక్కలకు పాకుతుంది. మొన పొడవు రాడ్డు మందానికి రెండు నుంచి రెండున్నర రెట్లు: 1.6కి 3.5 నుంచి 4 మి.మీ., 2.4కి 5 నుంచి 6 మి.మీ. సూదిలా వదిలేయకండి, చివర కొద్దిగా చదును చేయండి, పావు మి.మీ. చాలు. సూది మొన మొదటి ఆర్క్‌కే కరిగి పూల్‌లో పడిపోతుంది.

ఇనుము పట్టే రాయి మీద టంగ్‌స్టన్ పట్టొద్దు. ఆ రాయిలో ఇరుక్కున్న ఇనుప పొడి ముక్కుకి అంటుకుంటుంది. దీనికి విడిగా ఒక సన్న రాయి, దాని మీద "టంగ్‌స్టన్ మాత్రమే" అని రాసిన చీటీ. షాపులో నలుగురు పనిచేసే చోట చీటీ లేకపోతే నిలవదు.

ముక్కు పూల్‌లో మునిగితే రాయి మీద పైపైన పట్టి సరిపెట్టకండి. మెటల్ అంటుకున్న ముక్కంతా తీసేయాలి. కటింగ్ ప్లయర్‌తో తుంచితే రాడ్డు పొడవునా చీలుతుంది, ఆ చీలిక తర్వాత ఆర్క్‌లో విచ్చుకుంటుంది. రాయి అంచుతో చుట్టూ గీత పెట్టి, రెండు ప్లయర్లతో విరవండి. రంగు ఉన్న కొస వెనకవైపు ఉంచండి, లేకపోతే ఏ రాడ్డో తెలియదు.

రంగుల గురించి అడిగేవాళ్లకి: ఎరుపు థోరియం 2 శాతం, నీలం లాంథనం 2 శాతం, బంగారు రంగు లాంథనం 1.5 శాతం, బూడిద రంగు సీరియం, ఆకుపచ్చ ఏమీ కలపని టంగ్‌స్టన్, తెలుపు జిర్కోనియం. స్టెయిన్‌లెస్‌కి ఎరుపే అలవాటు మన దగ్గర. కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. నీలం రాడ్డు డీసీలో దానితో సమానంగా పనిచేస్తుంది, ఏసీలో ఇంకా మెరుగు. ఎరుపు వాడక తప్పనివాళ్లు మాస్కు పెట్టుకుని పట్టండి, దుమ్ము చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. గ్రైండరు దగ్గర కూర్చుని టీ తాగే అలవాటు మానాలి. కుర్రాళ్లు పనిచేసే షాపుల్లో యజమానులు ఈ విషయం పట్టించుకోవాలి.

గుణుపురం_మిల్లుపని (గుణుపురం)

వాల్వు టార్చి వాడేవాళ్లకి ఒక సంగతి కలుపుతున్నా. ఈ రకంలో ఆర్క్ ఆగాక గ్యాసు దానంతటది కాసేపు వచ్చి ఆగదు. వాల్వు చేత్తో మూయాలి. ఆర్క్ తుంచిన వెంటనే టార్చి పైకెత్తితే ఎర్రగా ఉన్న టంగ్‌స్టన్‌కి గాలి తగిలి నీలం అయిపోతుంది. టార్చి అక్కడే పట్టుకుని ఉండాలి. లెక్క 10 ఆంప్స్‌కి ఒక సెకను, 60 ఆంప్స్‌కి ఆరేడు సెకన్లు. బీడు చివర గుంటకి కూడా అది రక్షణ.

మిషన్లోనే వాల్వు ఉండి ట్రిగ్గరుతో నడిచే టార్చి అయితే పోస్ట్ ఫ్లో (ఆర్క్ ఆగాక గ్యాసు వచ్చే సమయం) నాబు ఆ లెక్కకే పెట్టండి, కనీసం 5 సెకన్లకి తగ్గించకండి. గ్యాసు మిగుల్చుదామని దాన్ని రెండుకి తిప్పేవాళ్లు ఉన్నారు, ఆ మిగిలిన దానికంటే టంగ్‌స్టన్, గ్రైండింగ్ ఖర్చే ఎక్కువ పోతుంది. నిజంగా గ్యాసు పోయేది లీకుల్లో. 7 క్యూబిక్ మీటర్ల సిలిండరులో 7,000 లీటర్లు. వాల్వుకి ముందు హోసులో నిమిషానికి 3 లీటర్ల లీకు ఉండి, రాత్రి సిలిండరు తెరిచి వదిలేస్తే పది గంటల్లో 1,800 లీటర్లు. పావు సిలిండరు పైనే.

జయపురం_అల్యూమినియం (జయపురం)

అల్యూమినియం చేసేవాళ్లకి ఇదే టార్చి వేరేలా అరుగుతుంది, అందుకని రాస్తున్నా. ఏసీలో కరెంటు సగం సగం తిరగబడుతూ ఉంటుంది, టంగ్‌స్టన్ ప్లస్ వైపు ఉన్న వంతులో వేడి ఎక్కువగా దాని మీదే పడుతుంది. 17 టార్చికి రాసే 150 ఆంప్స్ డీసీకి లెక్క. ఏసీలో అంత ఇవ్వదు. 3 మి.మీ. అల్యూమినియం షీటుకి 110 నుంచి 130 ఆంప్స్ పడుతుంది, దానికి 26 టార్చి పెట్టుకోవడం మేలు. విడి భాగాలు రెండింటికీ ఒకటే, స్టాకు మార్చక్కర్లేదు.

నాజిల్ మూతి గులాబి రంగు పోయి గాజులా మెరుస్తూ, కరిగినట్టు కనబడితే మూడు కారణాలు చూడండి. నాజిల్ చిన్నది, 5 బదులు 7 లేదా 8 వేయండి, గ్యాసు 9 నుంచి 12. టంగ్‌స్టన్ లోపలికి జారింది, ఆర్క్ నాజిల్ అంచుకి దగ్గరైంది. లేదా ఏసీ బ్యాలెన్స్ నాబు (ప్లస్, మైనస్ వంతులు మార్చేది) శుభ్రం చేసే వైపు, అంటే టంగ్‌స్టన్ ప్లస్ వైపు, మరీ ఎక్కువ తిప్పారు. ఎలక్ట్రోడ్ (టంగ్‌స్టన్) మైనస్ వంతు 65 నుంచి 75 శాతం దగ్గర ఉంచితే ముక్కు పెద్ద ఉండలా ఉబ్బదు. 2.4 రాడ్డుకి చివర చిన్న గోళీ కట్టడం మామూలే. గోళీ రాడ్డు మందం కంటే లావైతే కరెంటు ఎక్కువ, లేదా రాడ్డు సన్నం.

డీసీలో మాత్రం ముక్కు ఎప్పుడూ గోళీ కట్టకూడదు. కట్టిందంటే ముందు కేబుళ్లు చూడండి. టార్చి ప్లస్‌లో, ఎర్త్ మైనస్‌లో పెట్టేసి ఉంటారు. మామూలు రాడ్డు వెల్డింగ్, ఆర్గాన్ ఒకే మిషను మీద చేసే షాపుల్లో ఇది తరచూ జరిగేదే.

బరంపురం_ఆర్గాన్ (బరంపురం)

వానాకాలానికి సంబంధించినది ఒకటి. గోపాలపూర్ వైపు, ఛత్రపురం వైపు షాపుల్లో ఉప్పు గాలి, తేమ ఎక్కువ. కొండ వైపు రాయగడ, కోరాపుట్‌లో పొద్దున్నే చల్లదనానికి తేమ పడుతుంది. రాత్రంతా టార్చి గొట్టంలో గాలి చేరి ఉంటుంది. పొద్దున మొదటి టాకాకి ముందు 20, 30 సెకన్లు గ్యాసు ఊరికే వదలండి. హోసు 8 మీటర్లు ఉంటే ఇంకొంచెం. మొదటి నాలుగు టాకాలు నల్లగా వచ్చి తర్వాత బాగుపడుతుంటే పార్టులు మార్చాల్సిన పని లేదు, ఇది చేస్తే చాలు.

ఎయిర్ కూల్డ్ టార్చిలో గ్యాసు, కరెంటు తీగ ఒకే గొట్టంలో పోతాయి. హ్యాండిల్ దగ్గర వంగే చోట గొట్టం పగులుతుంది, లోపల రాగి పోగులు తెగుతాయి. పని చేసిన వెంటనే గొట్టం పొడవునా చేత్తో తడమండి. ఒక్క చోటే వేడిగా తగిలితే అక్కడ పోగులు తెగాయి. సబ్బు నీళ్ల పరీక్ష కూడా ఆ వంపు దగ్గరే ముందు చేయాలి. ఎల్పీజీ హోసుతో, ఇనుప తీగ చుట్టి సరిపెట్టిన జాయింట్లు అన్నీ తీసేసి క్లిప్పులు వేయండి.

మునిగుడ_ఫ్యాబ్ (మునిగుడ)

నీళ్ల టార్చి, 18 నంబరు వాడేవాళ్లు ఉన్నారా? కరెంటు కేబుల్ పైన గొట్టం మాటిమాటికి ఉబ్బి పగిలిపోతోంది. కరెంటు 180 మాత్రమే. టార్చి 350 వరకు తట్టుకుంటుందని రాసుంది కదా.

సునాబెడ_టూల్‌రూమ్ (కోరాపుట్ జిల్లా)

350 తట్టుకునేది నీళ్లు సరిగ్గా తిరిగినప్పుడే. నీళ్ల టార్చిలో రాగి తీగ కావాలనే సన్నగా పెడతారు, తేలిగ్గా ఉండాలని. చల్లని నీళ్లు ముందు వేరే గొట్టంలో తలకి పోయి, వెనక్కి వచ్చేటప్పుడు కరెంటు తీగ చుట్టూ ప్రవహిస్తాయి. నీళ్లు తగ్గిన మరుక్షణం ఆ తీగే ముందు కాలుతుంది.

వెనక్కి వచ్చే గొట్టం తీసి బాటిల్లో పట్టండి. నిమిషానికి ఒక లీటరు రావాలి. అరలీటరు వస్తే ఫిల్టరు, గొట్టం మడత, లేదా తలలో ఉప్పు పేరుకోవడం. బోరు నీళ్లు పోస్తున్నారేమో చూడండి, ముందు ఆపాల్సింది అదే. డిస్టిల్డ్ వాటరు, లేదా టిగ్ కూలర్‌కి అమ్మే కూలెంటు మాత్రమే. కారు రేడియేటర్ కూలెంటు పోయకండి. వాటిలో కొన్నింట లీకు మూసే పదార్థం కలిపి ఉంటుంది, అది తల లోపలి సన్న దారులను మూసేస్తుంది.

ఇంకో పరీక్ష. నాజిల్ తీసి, పంపు నడుపుతూ, గ్యాసు వదిలి టార్చి తలని పొడి గాజు ముక్క మీద ఆనించండి. గాజు మీద తడి ఆవిరి పడితే తలలో నీళ్లు గ్యాసులోకి కారుతున్నాయి. అల్యూమినియంలో అది చీమ కన్నాల్లా రంధ్రాలు చేస్తుంది. ఆ తల బాగుచేయలేరు, మార్చాలి.

గుణుపురం_మిల్లుపని (గుణుపురం)

విశాఖకి సరుకు తెప్పించుకోవడానికి వెళ్లేవాళ్లు కోడ్ రాసుకుని వెళ్లండి. "ఆర్గాన్ టార్చి కాలెట్" అని అడిగితే చేతికి దొరికింది ఇచ్చేస్తారు. 17, 18, 26కి కాలెట్ 1.6ది 10ఎన్23, 2.4ది 10ఎన్24. బాడీ 1.6ది 10ఎన్31, 2.4ది 10ఎన్32. నాజిల్ 5 నంబరు 10ఎన్49, 6 నంబరు 10ఎన్48, 7 నంబరు 10ఎన్47, 8 నంబరు 10ఎన్46. 9, 20 టార్చిలకు అన్నీ వేరు, 13ఎన్‌తో మొదలవుతాయి, చిన్నవి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పట్టవు. మర రెండు చుట్టలు ఎక్కి ఆగిపోతే బలవంతం చేయకండి, తల మర పోతుంది. చాలా కంపెనీల టార్చిలకు ఈ నంబర్లే నడుస్తాయి.

ఒక మనిషి రోజూ నడిపే టార్చికి డబ్బాలో ఇవి ఉంటే చాలు: కాలెట్లు ఐదు, బాడీలు రెండు, నాజిల్ 6వి ఐదు, 8వి రెండు, తెల్ల వాషర్లు రెండు, ఓ-రింగులు నాలుగు, క్యాప్ ఒకటి. మా వైపు వానల్లో ఘాట్ రోడ్డు మూసేస్తే సరుకు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. చిన్న రింగు లేక పని ఆపుకోవడం ఎందుకు.

రాయగడ_రైలింగ్ (రాయగడ)

వాషరు, రింగు, కాలెట్, బాడీ నాలుగూ మార్చాను. నాజిల్ నొక్కితే బంతి సున్నాకి దిగుతోంది. గ్యాసు 8 లీటర్లే. టంగ్‌స్టన్ తెల్లగా ఉంది, బీడు లేత బంగారు రంగులో వస్తోంది. అందరికీ ధన్యవాదాలు.

ఇంకొక్క సందేహం. పాత నాజిళ్లు ఓ డజను ఉన్నాయి. మూతి అంచు అక్కడక్కడ ఊడింది. రాయి మీద అంచు సమం చేసి వాడుకోవచ్చా?

బరంపురం_ఆర్గాన్ (బరంపురం)

అంచు ఒక మి.మీ. లోపు ఊడితే సన్న రాయి మీద చదును చేసి టాకాలకి వాడుకోవచ్చు. అంతకంటే లోతు ఊడితే గ్యాసు ఆ గండిలోంచి పక్కకి పోతుంది, పారేయండి. పైకి కనపడని పగులు ఉందేమో చూడాలంటే నాజిల్‌ని దారానికి వేలాడదీసి టంగ్‌స్టన్ రాడ్డుతో మెల్లగా తట్టండి. ఖంగుమంటే బాగుంది. టపటపమని మూసుకుపోయిన చప్పుడు వస్తే లోపల పగిలింది. లోపల పసుపు పొడి ఉన్నవాటిని ముందు గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి ఆ తర్వాత తట్టండి. ఇకపై వేడి నాజిల్‌ని తడి నేల మీద, నీళ్ల బకెట్ అంచున పెట్టకండి. చెక్క ముక్కకి మేకు కొట్టి, టార్చి దానికి తగిలించి చల్లారనివ్వండి. వేడిగా ఉండగా బిగించడం కూడా వద్దు, చల్లారేటప్పుడు బిగుసుకుని మర దగ్గర పగులుతుంది.